ట్రిప్ షీటులో సైదమ్మ

2018 జూన్‌లో మా ట్రాన్స్‌పోర్టు కంపెనీ నన్ను చిట్యాల నుంచి జడ్చర్లకు బ్రాంచి మేనేజరుగా బదిలీ చేసింది. అంతకు ముందు ఇరవై రెండేళ్లు చిట్యాలలోనే ఉన్నాను. మొదట బుకింగ్ క్లర్కును, తర్వాత అసిస్టెంటు మేనేజరును. జడ్చర్ల బ్రాంచికి సొంత లారీలు ఇరవై నాలుగు. ఒక మందుల ఫ్యాక్టరీలో తయారయ్యే సెలైన్ సీసాలను నాగ్‌పూర్ డిపోకు చేర్చడం మా ప్రధానమైన పని.

ఫ్యాక్టరీతో కిరాయి ఏడాదికోసారి ఖరారయ్యేది. మర్నాటికి ఎన్ని లారీలు కావాలో వాళ్లు ప్రతి ఉదయం రాసి పంపేవారు. దాన్ని ఇండెంటు అంటారు. ఇండెంటు ప్రకారం బండి పెట్టలేకపోతే వాళ్లు బయటి మార్కెట్లో బండి మాట్లాడుకుని, ఎక్కువైన కిరాయిని మా బిల్లులో కోసేవారు. వరుసగా మూడుసార్లు తప్పితే ఒప్పందం రద్దు చేసే హక్కు వాళ్లకుంది.

కిరాయి అంటే డీజిలు, టోలు, టైర్లు, బండి కిస్తీ, డ్రైవరు బత్తా అని కొత్తగా చేరిన క్లర్కులకు నేర్పేవాణ్ణి. 2019 వేసవి దాకా నేనూ అదే నమ్మాను.

మా డ్రైవర్లలో సగానికి పైగా బీహార్, జార్ఖండ్ వాళ్లు. మన పల్లెల్లో హెవీ లైసెన్సు ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి సౌదీకీ దుబాయ్‌కీ పోతూ ఉంటే, ఖాళీ అయిన సీట్లలోకి వీళ్లు వచ్చారు. ఏటా హోలీకి ఊళ్లకు పోయి మూడు వారాల్లో తిరిగి వచ్చేవారు. ఆ ఏడాది సగం మంది రాలేదు. గోధుమ కోతలన్నారు, పెళ్లిళ్లన్నారు, తర్వాత ఓట్లన్నారు. అదే సమయంలో మా స్థానిక డ్రైవర్లు ఐదుగురు ఒకే ఏజెంటు ద్వారా ఖతర్ వెళ్లిపోయారు. ఏప్రిల్ సగానికి మా యార్డులో పదకొండు లారీలు కదలకుండా నిలబడ్డాయి.

ఆ నెలన్నరలో డీజిల్ ధర పెద్దగా మారలేదు. టోలు మారలేదు. బయటి మార్కెట్లో నాగ్‌పూర్ కిరాయి మాత్రం వారం వారం పెరిగింది. బండీ డ్రైవరూ రెండూ ఉన్న ఆసామి ఎంత చెబితే అంత. బండి ఉండి డ్రైవరు లేని మాకు ఆ పెరిగిన రేటు వల్ల నష్టమే తప్ప లాభం లేదు. అప్పటికే వరుసగా రెండు ఇండెంట్లు తప్పాము. నాగ్‌పూర్ డిపోలో నిల్వ అడుగంటిందనీ, వడదెబ్బ కేసులతో అక్కడి దవాఖానల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయనీ ఫ్యాక్టరీ డిస్పాచ్ అధికారి చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

అప్పుడు లింగయ్య గుర్తుకొచ్చాడు.

లింగయ్యది కట్టంగూర్ దగ్గరి పల్లె. గొర్రెల కాపర్ల కుటుంబం. నేను చిట్యాలలో క్లర్కుగా ఉన్నప్పుడు మా బండి నడిపేవాడు. 2006లో సౌదీ వెళ్లి దమ్మామ్‌లో పన్నెండేళ్లు ట్రైలర్ తోలాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. 2018లో పూర్తిగా తిరిగొచ్చి, ఇక స్టీరింగు ముట్టనని చెప్పి, తమ్ముడితో కలిసి గొర్రెలు మేపుకుంటున్నాడు.

దేవరకొండ మీదుగా నల్లగొండ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. లింగయ్య వేపచెట్టు కింద ఒక గొర్రె కాలిగిట్టలో ముల్లు తీస్తున్నాడు. అతని భార్య సైదమ్మ నాకు మంచమేసి మజ్జిగ తెచ్చింది. నేను దాచకుండా సంగతంతా చెప్పాను. ఒక్క ట్రిప్పు, నాగ్‌పూర్ దాకా, అన్నాను.

సైదమ్మ గ్లాసు తీసుకుంటూ నెమ్మదిగా అంది.

"పన్నెండేండ్లు పంపిన సారు. ఇంక నాతోని గాదు."

ఊరికే లేచి వెళ్లిపోతే బాగుండదని, లైసెన్సు ఇంకా చెల్లుబాటులో ఉందా అని మాట వరసకు లింగయ్యను అడిగాను. అతను నేల చూస్తూ, సూడాలె అన్నాడు.

సైదమ్మ లోపలికి వెళ్లి ట్రంకు పెట్టె తీసిన చప్పుడు వినిపించింది. ప్లాస్టిక్ కవరులో ఉన్న లైసెన్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. కిందటి డిసెంబరులోనే రెన్యువల్ అయింది.

"గొర్ల మందుకని నల్లగొండ పోయి గిది చేయించుకొచ్చిండు. నేను సూడలేదనుకున్నడు," అంది. గొంతులో నిష్ఠూరం లేదు.

లింగయ్య గొర్రె కాలు వదిలాడు. "పోదామని గాదు. నేర్సిన పని చేతిలకెల్లి పోవద్దని."

సైదమ్మ అతని పక్కనే కూర్చుంది. ముల్లు తీసిన గొర్రె లేచి కుంటుతూ మందలోకి పోయేదాకా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పోతే నేను గూడ వస్త. ఆయన ఏడ తింటడో, ఏడ పంటడో ఒక్కసారన్న కండ్ల సూస్త."

కేబిన్‌లో కంపెనీ సిబ్బంది తప్ప ఎవరూ ఎక్కరాదని మా రూలు. హైదరాబాద్ హెడ్డాఫీసుకు ఫోన్ చేసి యజమానితో మాట్లాడాను. ఆయన ఆమెను సిబ్బందిగానే రాయమన్నారు, బత్తా కూడా ఇవ్వమన్నారు. ఆ రాత్రికి ముగ్గురం జడ్చర్ల చేరాము. బండి వెంట పోయే ట్రిప్ షీటులో డ్రైవరు పేరు కింద సహాయకుల పేరు రాసే గడి ఉంటుంది. అందులో సైదమ్మ అని నా చేతితో రాశాను. టార్పాలిన్ తాళ్లు సరిచూడటం, సీలు చెడకుండా చూసుకోవడం సహాయకుల పని అని వివరించాను. ఆమె శ్రద్ధగా విని, తాళ్లు ఎట్లా బిగించాలో లింగయ్యను రెండుసార్లు అడిగి నేర్చుకుంది.

మూడో ఇండెంటు తప్పలేదు. మర్నాడు ఉదయం తొమ్మిదికి సెలైన్ లోడుతో బండి గేటు దాటింది. కేబిన్ ఎత్తు ఎక్కడానికి ఆమెకు కష్టమైతే లింగయ్య కిందికి దిగి చేయందించాడు. చుట్టూ జనం ఉన్నారని ఇద్దరూ సిగ్గుపడ్డారు.

ఆరో రోజు తిరిగొచ్చారు. సరుకు క్షేమంగా దిగింది, ఒక్క సీసా పగలలేదు. లింగయ్య కాగితాలు అప్పగిస్తుంటే సైదమ్మ ఆఫీసు బెంచీ మీద కూర్చుని చాయ్ తాగింది. ప్రయాణం ఎట్లా ఉందని అడిగాను. నిర్మల్ దాటాక గుట్టలు బాగున్నాయంది. ఆదిలాబాద్ దగ్గర రోడ్డు పక్కన స్టవ్ మీద పప్పు వండానంది. తర్వాత డిపో సంగతి చెప్పింది. గేటు బయట రెండు రోజులు నిలబెట్టారట. ముందు చాలా బండ్లు, సరుకు దించే హమాలీలు తక్కువ. నీడ లేదు, బండి విడిచి పోవడానికీ లేదు.

ఆ మాట దగ్గర ఆమె గ్లాసు పక్కన పెట్టింది.

"ఫోన్ల ఏం చేస్తున్నవ్ అంటే, ఊకె కూసున్న అనెటోడు సారు. పన్నెండేండ్లు అదే మాట. నాతోని మాట్లాడ బుద్ధిగాక అంటుండని ఏడ్సిన. నిజంగనే కూసున్నడు."

లింగయ్య సంతకం పెడుతున్నవాడల్లా ఆగాడు. వెనక్కి తిరగలేదు. "ఇంకేం జెప్పాలె, చెప్పెటందుకు ఏముంటది," అని మెల్లగా అన్నాడు. ఆమె లేచి వెళ్లి అతని పక్కన నిలబడింది. అతను సంతకం పూర్తి చేశాడు.

ఆ వారమే ఫ్యాక్టరీకి ఉత్తరం రాశాను. అప్పటిదాకా నేను అడిగిందల్లా కిరాయి పెంచమనే. ఈసారి వేరే అడిగాను. బండి డిపో చేరిన ఇరవై నాలుగు గంటల్లో సరుకు దించాలి, లేకపోతే హాల్టింగ్, అంటే నిలబెట్టినందుకు రోజు కూలి, నేరుగా డ్రైవరుకు ఇవ్వాలి. కిరాయి పెంచడం కన్నా అది తేలిక అనిపించిందేమో, డిస్పాచ్ అధికారి పై వాళ్లతో మాట్లాడి ఒప్పించారు. మా వైపు నుంచి, ప్రతి ట్రిప్పు తర్వాత రెండు రోజులు ఇంటి దగ్గర ఉండే ఏర్పాటు చేశాము. కావాలంటే భార్యను వెంట తీసుకెళ్లవచ్చని యజమాని అనుమతిచ్చారు.

లింగయ్య మే నెలంతా నడిపాడు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఇంటి దగ్గరే ఉన్న తన ఎరుకలోని వాళ్లను ముగ్గురిని తీసుకొచ్చాడు. వాళ్లు ఎక్కువ బత్తా అడుగుతారనుకున్నాను. ఏ రోజు ఇంటికి చేరుస్తారని అడిగారు. ముగ్గురిలో ఒకరు భార్యతో వచ్చారు. నాట్లు ముగిశాక ఆగస్టులో బీహార్ వాళ్లు మెల్లమెల్లగా తిరిగొచ్చారు. బయటి మార్కెట్ కిరాయి దిగింది. మరుసటి ఏడాది హోలీకి మళ్లీ డ్రైవర్లు ఊళ్లకు పోయారు. లాక్‌డౌన్ పడేదాకా యార్డులో నాలుగు బండ్లే ఆగాయి. పూర్తిగా ఆగకుండా చేయడం మాత్రం నా సర్వీసులో చేతకాలేదు.

సైదమ్మ మరో రెండు ట్రిప్పులు వెళ్లింది. ఆ తర్వాత గొర్రెలు ఈనే కాలమని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు తను వెంట వెళ్లకపోయినా ఫికర్ లేదని లింగయ్యతో చెప్పిందట.

నేను 2022లో రిటైరయ్యాను. కిరాయిలు ఎందుకు పెరుగుతాయని ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. డీజిల్ ధర చూడమనే చెబుతాను. దాంతోపాటు ఏ రాష్ట్రం వాళ్లు ఊళ్లకు పోయారో, మన వాళ్లు ఏ దేశం పోతున్నారో వాకబు చేయమంటాను. కిరాయిలో డ్రైవరు ఇంటికి దూరంగా గడిపే రోజుల ధర కూడా కలిసి ఉంటుంది. వాటిలో గేటు బయట ఊరికే కూర్చోబెట్టే రోజులను తగ్గించడం మన చేతిలో ఉంది. ముందు ఆ పని చేసి, రేటు పెంచమని తర్వాత అడగాలి.