పిన్ని కుట్టిన తీగ

మా పిన్ని ఆసుపత్రిలో నర్సు. గాయాలకు కుట్లు వేసీ వేసీ రిటైరయ్యాక, గుడ్డమీద పూలతీగలు కుట్టడం మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం పాత అలవాటు మానలేదు. ప్రతి కుట్టుకూ విడిగా ముడివేసి దారం కత్తిరించేది.

“కుట్లెప్పుడు విప్పుతావే?” అని బాబాయి ఆటపట్టించేవాడు. పిన్ని వింటేగా!

“ఒకటి తెగినా మిగతావి ఊడవు,” అనేది తలెత్తకుండా.

లైబ్రరీ హాల్లో తన పనంతా ప్రదర్శనకు పెట్టింది. చూడ్డానికొచ్చిన ఒకావిడ ముక్కు విరిచింది.

“ఇన్ని ముడులేంటండీ? పూలు ఇలా ఎవరైనా కుడతారా?”

పక్కనే ఉన్న ఒక లారీ డ్రైవరు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత గాయం మచ్చ, అచ్చం గుడ్డమీది తీగలాగే పాకి ఉంది.

“ఇదీ ఆవిడ కుట్టిందేనండీ,” అన్నాడు. “ఈ చేత్తోనే ఇవాళ్టికీ బండి నడుపుతున్నా.”