ముప్పై అయిదుకు లోపల

2019 ఆగస్టులో గద్వాలలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ రేడియాలజిస్టుగా చేరాను. నాకిచ్చిన గదిలో ఒక అల్ట్రాసౌండ్ యంత్రం, ఒక మంచం, నా గర్వానికి సరిపడా చోటు ఉండేవి. పొట్ట మీద ప్రోబ్ పెట్టగానే రోగం పేరు చెప్పేయగలనని నా నమ్మకం.

ఆ నెలలోనే గట్టు మండలం నుంచి సవారమ్మ అనే యాభై ఏళ్ళ రైతు వచ్చింది. వాళ్ళది పత్తి విత్తనాల సాగు. చేన్లో క్రాసింగ్ నడుస్తున్న రోజులు. అంటే ఒక మొక్క పువ్వులకు ఇంకో మొక్క పుప్పొడిని చేత్తో రుద్దే పని. ఒక్క పూట మానినా ఆ పూట పువ్వులన్నీ దండగ. నెల రోజులుగా కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే నిండిపోతోందంటే భర్త తిమ్మప్ప వెంటబెట్టుకొచ్చాడు.

ఆమె చేతిలో సీఏ-125 రిపోర్టు ఉంది. అండాశయ క్యాన్సర్‌లో సాధారణంగా పెరిగే ఒక ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష అది. ముప్పై అయిదు దాటకూడదు. ఆమెకు ఇరవై రెండు వచ్చింది. నేను ముందు కాగితం చూశాను, తర్వాత పొట్ట చూశాను. తప్పంతా ఆ వరుసలోనే ఉంది. కుడి అండాశయంలో నీటితిత్తి కనబడింది. రెండు కొలతలు తీసి, మామూలు తిత్తేనని రాసి, మూడు నెలలాగి మళ్ళీ చూద్దామని చెప్పేశాను.

సవారమ్మ లేవలేదు.

"ఏంది సారు, అయిపాయెనా? మా సీడు సూపర్వైజరు గిట్లనే ఒడ్డు మీద నిలవడి చేనంత చూసినంటడు. నువ్వు జర లోపలికి దిగు."

నర్సు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. వైద్యధర్మం కోసం కాదు, ఆమె నోరు మూయించడానికే ప్రోబ్‌ను మళ్ళీ అంగుళం అంగుళం జరిపాను. తిత్తి వెనక గోడను అంటుకుని కండలాంటి చిన్న మొలకలు మూడు కనిపించాయి. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పెడితే వాటిలో రక్తం పారుతోంది. మామూలు నీటితిత్తిలో అలాంటివి ఉండకూడదు. కోపం పోయి భయం పట్టుకుంది. రాసిన రిపోర్టు చింపేసి కొత్తది రాశాను: క్యాన్సర్ అనుమానం, వెంటనే హైదరాబాద్‌లో క్యాన్సర్ సర్జన్‌కు చూపించాలి.

తిమ్మప్ప ఒప్పుకోలేదు. "ముప్పై అయిదుకు లోపలనే ఉన్నది గద సారు! కాయితం పాసైనంక కోసుడేంది? క్రాసింగ్ అయినంక పోతం." బడిలో ముప్పై అయిదు దాటితే పాస్, ఇక్కడ దాటకపోతే పాస్ అని అతని లెక్క. నేనూ కాసేపటి క్రితం అదే లెక్క వేశాను. తొలిదశలో చాలామందికి ఆ అంకె పెరగదని, క్యాన్సర్ లేకున్నా క్షయ లాంటి జబ్బుల్లో పెరుగుతుందని చెప్పాను. తల ఊపాడు కానీ దిగిరాలేదు.

చివరికి సవారమ్మే తేల్చేసింది. "చేన్ల వేరే రకం చెట్టు కనబడితె ల్యాబు రిజల్టు వచ్చెదాంక ఉంచుతవా? విత్తనం కల్తయితదని అప్పుడే పీకుతవు. ఇది గూడ గంతే. బస్సు ఎన్నిగంటలకు?"

ఆపరేషన్‌లో క్యాన్సరేనని తేలింది. అండాశయం దాటలేదు, మొదటి దశ. ఈ జబ్బులో రోగి భవిష్యత్తు ముఖ్యంగా ఆ దశ మీదే ఆధారపడుతుంది. ఆమెలో ఆ అంకె ఎన్నడూ పెరగలేదు కనుక తర్వాతి తనిఖీల్లోనూ దాన్ని నమ్ముకోలేదు, స్కాన్‌లే చేస్తూ వచ్చాం. మూడు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం నాకిష్టం లేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, స్కాన్ ముగించి, కనిపించింది రాసి, సంతకం పెట్టాకే రక్తపరీక్ష కవరు విప్పేవాణ్ణి. రెంటికీ పొంతన కుదరకపోతే రోగిని మళ్ళీ పడుకోమనేవాణ్ణి.