దీప్తి సైకిలు, శ్రీశైలం రోడ్డు

కోరుట్లలోని ఆ వాడకట్టులో మస్కట్ గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా శ్రీశైలం గడపకే వచ్చేవారు. ఏజెంటు చెప్పిన జీతం నిజమా అబద్ధమా, సేటు పాస్‌పోర్టు గుంజుకుంటే ఎవరికి మొరపెట్టుకోవాలి, ఎండకు ముక్కులోంచి రక్తం కారితే ఏం చేయాలి, ఇవన్నీ ఆయనే చెప్పాలి. మీసాలు సరిగ్గా రాని వయసులో పోయి, బిడ్డ సౌమ్య పదో తరగతికి వచ్చేదాకా అక్కడ తారు రోడ్లు వేసిన మనిషి. నడుము పట్టేసి తిరిగొచ్చాక సామాన్ల ఆటో కొనుక్కుని సిమెంటు సంచులు, బీరువాలు మోస్తున్నాడు. అయినా ఇప్పటికీ ఆయన మస్కట్ శ్రీశైలమే. పేరు ముందు ఆ మాట లేకుండా ఎవరైనా పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలకడు.

అట్లాంటి మనిషికి ఈ వేసవిలో కంటి మీద కునుకు లేకుండా చేసింది ఒక ఆడపిల్ల సైకిలు.

ఆ పిల్ల పేరు దీప్తి. వీధి మలుపులో ఎత్తు గేటు ఉన్న ఇంటి జగన్మోహన్ రావు కూతురు. ఆ రావుగారి తాతలు కొడిమ్యాల దిక్కు దొరలు. ఆయన మాత్రం భూములు కొన్ని ఉంచుకుని, కొన్ని అమ్ముకుని, జగిత్యాలలో సిమెంటు వ్యాపారం పెట్టుకున్నాడు. వాడకట్టులో పెద్దవాళ్ళు ఇంకా ఆయనను దొరా అనే అంటారు. శ్రీశైలం మస్కట్ పోయి వచ్చినప్పటి నుంచి ఆ మాట మానేసి రావుసాబ్ అంటున్నాడు. దీప్తి హైదరాబాద్‌లో కంప్యూటరు ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేసింది. పెళ్ళి సంబంధం కుదిరిందేమోనని ఆడవాళ్ళు తొంగిచూస్తుంటే, వ్యాను లోంచి దిగింది పెళ్ళి చీరలు కాదు, బూడిదరంగు సైకిలు.

ఆ సైకిలు మీద ఖండాలు దాటుతుందట. కోరుట్ల నుంచి బొంబాయి దాకా తొక్కి, అక్కడ విమానమెక్కి మస్కట్‌లో దిగి, ఒమన్, దుబాయి, సౌదీ, జోర్డాన్ మళ్ళీ తొక్కి, ఓడ మీద ఈజిప్టు చేరి, ఆఫ్రికా కొసదాకా పోతుందట. ఈ సంగతి శ్రీశైలానికి ఎదురింటి చిన్నవ్వ చెప్పింది. చెప్పిన తీరే ఆయనకు మంట పుట్టించింది.

"శీశైలం, గా దొర బిడ్డ సైకిల్ మీద మస్కట్ పోతదట! నువ్వు ఇమానంల గూసోని పోయినవ్ గదా?"

"ఆమె గూడ ఇమానంలనే పోతది అవ్వా. సముద్రం మీద సైకిల్ నడుస్తదా?"

"ఏమో బిడ్డా, సదువుకున్నపిల్ల. నడిపిస్తదేమో."

"నడిపిస్తది. గీ పక్కకున్న రుద్రంగి దాక నడిపిస్తది" అని ఆటో స్టార్ట్ చేశాడు.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన ఏ దారిన పోయినా ఆ సైకిలే ఎదురయ్యేది. దీప్తి తెల్లవారుతూనే జగిత్యాల దాకా పోయి వచ్చేది. ఒకరోజు శ్రీశైలం ఆటోలో రెండు బీరువాలు ఎక్కించుకుని రైల్వే గేటు దగ్గర ఆగాడు. పక్కనే దీప్తి సైకిలు వచ్చి ఆగింది. బస్సు కిటికీల్లోంచి ఆడవాళ్ళు చేతులూపుతున్నారు. బీడీల ఫ్యాక్టరీకి పోతున్న ఒకామె అయితే తలుపు దగ్గరికి వచ్చి మరీ, "ఏ దేశం పోతున్నవ్ బిడ్డా?" అని అరిచింది. గేటు లేవగానే అందరికంటే ముందు సైకిలు దాటిపోయింది. తను మస్కట్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఎట్లా ఉండేది! సెంటు సీసాలు, మెత్తటి దుప్పట్లు, టార్చిలైట్లు విప్పుతుంటే గడప తొక్కే సందు ఉండేది కాదు. పరాయి దేశం పోయినవాడంటే అప్పుడు దేవుడి పటంలా చూసేవారు. ఇప్పుడు బీరువాల ఆటో వైపు ఎవరు చూస్తారు?

ఇంట్లో భార్య సంగీత ఊరుకునే మనిషి కాదు.

"ఏందయ్యా, మొకం గట్ల పెట్టినవ్?"

"నాకేమైంది?"

"దీప్తమ్మ సైకిల్ పోయినప్పుడల్ల తలుపు సాటుకెళ్ళి సూస్తున్నవ్. కడుపుల మండుతుంది నీకు."

"నాకెందుకు మండుతది? వాళ్ళకు పైసలున్నయ్, సోకు చేస్తున్నరు. నేను పొట్టకూటికి పోయిన."

"గందుకే మండుతుంది" అని ఆమె చేట అందుకుని బియ్యం చెరగసాగింది.

వారం తిరక్కుండానే దీప్తి స్వయంగా వాళ్ళింటికి వచ్చింది. అరుగు మీదనే కూర్చుంది, కుర్చీ వేస్తామన్నా వినలేదు.

"కాకా, ఒమన్ రోడ్లు మీకు తెలిసినంత ఎవరికీ తెల్వదని డాడీ అన్నడు. సైకిల్ తొక్కుడుకు ఎట్లుంటయి?"

ఆ ఒక్క మాటకు శ్రీశైలం మనసు కరిగింది. మీసం దువ్వుకున్నాడు. "అద్దం లెక్కుంటయి బిడ్డా. మేమే ఏసినం గదా" అన్నాడు. దీప్తి సెల్‌ఫోన్‌లో పటం తీసి వేలితో ఒక గీత చూపించింది. "నేను గీ రోడ్డు పట్టుకున్న కాకా. కొండల మీదికెల్లి దిగి, సముద్రం ఒడ్డుకు పోయి ఆగుతది. ఫొటోలల్ల మస్తుగుంది."

శ్రీశైలం ఆ గీతను గుర్తుపట్టాడు. అది ఆయన వేసిన రోడ్డు. కొండలు పగలగొట్టిన చోట వేడి తారు కంకరను పారతో సర్దుతూ, ఎండలో అంగుళమంగుళం ముందుకు జరిపిన రోడ్డు. కొండ దిగితే సముద్రం కనబడుతుందని గ్యాంగులో అందరూ అనేవారు. ఉప్పు గాలి కూడా తగిలింది. ఇంకొంచెం దూరం ఉందనగా కంపెనీ వాళ్ళు ఆయన గ్యాంగును వ్యానెక్కించి ఎడారి మధ్యలో వేరే పనికి పంపారు. ఆ కొసలో తారు పోసింది వేరేవాళ్ళు. అక్కడి సముద్రం ఎట్లా ఉంటుందో ఆయన చూడనే లేదు. వాడకట్టులో మాత్రం సముద్రం దాకా రోడ్డు వేసి వచ్చానని చెప్పుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్ల ఒక్క జీతం తీసుకోకుండా, ఒక్క తట్ట ఎత్తకుండా, సైకిలు మీద ఆ కొసకు పోతుంది. వచ్చి అందరి ముందు చెబుతుంది.

"గా రోడ్డుల ఏం లేదు. ఉత్త ఎండ. వేరే రోడ్డు సూసుకో" అన్నాడు.

"అయినా సరే కాకా, అదే పోత" అని దీప్తి నవ్వి లేచింది.

ఆమె అటు పోగానే శ్రీశైలం బుర్రలో ఒక ఆలోచన పడింది. దేశం పోయేవాళ్ళు ఎవరైనా సరే, ఆ వాడకట్టులో ఒక మర్యాద ఉంది. పోయేవాడి అట్టపెట్టెలో సగం జాగా అవతలి దేశంలో ఉన్న తక్కినవాళ్ళ ఇంటి మూటలకే. తొక్కు పచ్చళ్ళు, కారాలు, నువ్వుల ముద్దలు పాతగుడ్డలో కట్టి, దబ్బనంతో కుట్టి, పైన పేరూ ఫోన్ నంబరూ రాసి ఇస్తారు. కాదన్నవాడు తిరిగొచ్చాక వాడకట్టులో తల ఎత్తుకోలేడు. శ్రీశైలం పోయిన ప్రతిసారీ తన బట్టలు తీసేసి మరీ ఇతరుల మూటలు మోశాడు. సైకిలు మీద పోయే మనిషిని మూటలు అడగాలన్న ఊహ మాత్రం ఎవరికీ రాలేదు.

ఆయనే రప్పించాడు. ఆటోలో సరుకు దించిన ప్రతి ఇంట్లో ఒకటే మాట: "దీప్తమ్మ మస్కట్ దిక్కు పోతుంది. సిరిసిల్లల సంచులు కుట్టిపిచ్చుకుంది, గింత పెద్దయి, నాలుగు. ఏమన్న పంపుతరా మీ పిల్లగానికి?"

చిన్నవ్వ అందరికంటే ముందు పరుగెత్తింది. ఆమె మనవడు రమణ అక్కడ పెట్రోలు బంకులో పని చేస్తాడు. మామిడికాయ తొక్కు నిండా పోసిన డబ్బా పట్టుకుని గేటు ముందు నిలబడింది. ఆ తర్వాత రాయికల్ నుంచి కూడా మనుషులు వచ్చారు. జగన్మోహన్ రావు వరండాలోంచి కసురుకున్నాడు.

"సైకిల్ మీద తొక్కు డబ్బలేందే? తీసుకపోండ్రి!"

"డాడీ, ఉండనియ్యి. ఒక్కొక్కలయి చిన్నయే గదా" అని దీప్తి అందుకుంది. వీళ్ళెవరూ ఇన్నాళ్ళూ ఆ గేటు దాటి లోపలికి వచ్చినవాళ్ళు కారు. వద్దని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. విమానంలో ఎంత బరువు ఎక్కనిస్తారో, వెనక చక్రం ఎంత మోస్తుందో శ్రీశైలానికి బాగా తెలుసు. చెప్పలేదు. తన ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ గేటులోకి పోయే ప్రతి మూటనూ చూస్తూ చాయ్ తాగాడు. అన్ని రోజుల తర్వాత ఆ చాయ్ ఆయనకు రుచిగా అనిపించింది.

మొత్తం సామాను ఎక్కించుకుని సిరిసిల్ల దాకా పోయి రావాలని, అది చేయగలిగితే తక్కినదంతా చేయగలనని దీప్తి ఒక ఆదివారం బయలుదేరింది. పోతుంటే సైకిలు గర్భిణిలా ఊగింది. మధ్యాహ్నం కాకముందే జగన్మోహన్ రావు స్వయంగా శ్రీశైలం గడపకు వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి.

"శ్రీశైలం, బిడ్డ సైకిల్ రుద్రంగి కాడ విరిగిందట. నీ ఆటో తీస్తవా? మా కార్ల సైకిల్ పట్టది."

"అయ్యో, ఎంత పనాయె రావుసాబ్" అన్నాడు శ్రీశైలం. ఆటో ఎక్కి వీధి మలుపు తిరిగేదాకా ముఖం దిగులుగానే పెట్టుకున్నాడు. మలుపు తిరిగాక ఈల వేశాడు. రుద్రంగి దాకా అన్నాడు కదా, రుద్రంగి దాకే పోయింది! ఇంతటితో ఆ పిల్లకు బుద్ధి వస్తుంది, సైకిలు మూలన పడుతుంది, ఆ రోడ్డు కొస ఎవరికీ తెలియకుండా అక్కడే ఉండిపోతుంది.

రోడ్డు పక్కన వేపచెట్టు కింద దీప్తి కూర్చుని ఉంది. వెనక క్యారియర్ విరిగి ఒకవైపు వేలాడుతోంది. చక్రం చువ్వలు తెగి వంకరపోయాయి. మామిడికాయ తొక్కు నూనె కొత్త సంచుల మీదా ఆమె మోకాళ్ళ మీదా కారుతోంది. ఏడుస్తూ ఉంటుందనుకున్న పిల్ల మూటల మీది నంబర్లు చూస్తూ ఫోన్లు చేస్తోంది. ఫోను స్పీకరు మీద ఉండడంతో అవతలి గొంతు కూడా వినబడుతోంది.

"...సారీ రమణా, మీ అవ్వ పంపిన తొక్కు పగిలింది. నేను తేలేకపోతున్న."

"తొక్కు పోనియ్ అక్కా!" అవతలి గొంతు ఉరుముతున్నట్టే ఉంది. "నువ్వు అస్తున్నవ్ గదా, గది చాలు. గా సముద్రం రోడ్డేనా? నా బంకు గా రోడ్డు కొసకే ఉంది. నేను ఎదురొస్త, అన్నం వండుకోని తెస్త. మావోళ్ళందరికి చెప్తున్న. నడుమల మన రాయికల్ రాజేశన్న ఉన్నడు, నీళ్ళు పట్టుకోని నిలవడ్తడు. నీకు టెంటు అక్కర్లేదు, మనోళ్ళ కుటుంబాలున్నయ్, ఆడోళ్ళున్న ఇంట్ల పండుకో. ఇంతకు మా నంబర్లు నీకెట్ల దొరికినయ్?"

"శ్రీశైలం కాక అందరికి చెప్పిండు. ఆయన చెప్పబట్టే మూటలు పంపిండ్రు."

"మస్కట్ శ్రీశైలమా? ఎంత మంచి మనిషి అక్కా! ఒంటరి పిల్ల అని ముందే ఆలోచన చేసిండు సూడు!"

ఆ మంచి మనిషి విరిగిన సైకిలు పక్కన నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు. చెవులు కాలిపోయాయి. దీప్తి ఆయన్ని చూసి లేచింది.

"కాకా! మంచిగైంది ఇక్కడ విరిగింది. ఇదే ఎడారిల విరిగితే ఏంది నా గతి? గట్టి చక్రం ఏయించుకుంట. మూటలు వాపస్ ఇచ్చేస్త. మీ పుణ్యాన రోడ్డు పొడుగూత మనోళ్ళే ఉన్నరు."

శ్రీశైలం సైకిలును ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. తాడు అవసరానికి మించి బిగించాడు. కోరుట్ల వైపు ఆటో సాగుతుంటే పక్కన కూర్చున్న దీప్తి ఇంకా ఎవరికో ఫోను చేసి నవ్వుతూనే ఉంది. తను ఉన్నన్నాళ్ళూ ఆ రోడ్డు మీద తనకు ఎవరైనా ఎదురొచ్చారా? నీళ్ళ డబ్బా పట్టుకుని ఒక్కడైనా నిలబడ్డాడా? ఇంక దాచుకోలేక అడిగేశాడు.

"గా రోడ్డు... సముద్రం దూరం నుంచే కనబడతదా, లేకుంటే మలుపు తిరిగినంకనా?"

దీప్తి ఫోను పక్కన పెట్టింది. "మీరు ఏసిన రోడ్డే గదా కాకా?"

"ఏసిన. కొస దాక ఏయనియ్యలే. నడుమల్నే తీస్కపోయిండ్రు." మాట వచ్చేసింది. వాడకట్టులో ఎవరికీ, సంగీతకు కూడా చెప్పని మాట.

ఆమె మెల్లగా, "ఫొటో తీసి పెడత కాకా" అంది.

"ఫొటో వద్దు. ఫొటో అయితే వాడకట్టంత సూస్తరు. నాకు ఫోన్ చేసి నోటితోని చెప్పు. అందరికన్న ముందుగాల్ల నాకే చెప్పాలె. మీ నాయినకన్న ముందు."

"డాడీకన్న ముందా?"

"ముందే."

"సరే కాకా. ఒట్టు" అని దీప్తి తొక్కు నూనె అంటిన చేయి చాపింది. శ్రీశైలం హ్యాండిలు మీద నుంచి ఒక చేయి తీసి తాకించాడు. ఈ పిల్ల సముద్రం దగ్గర నుంచి ఫోను చేశాక తనే గడప ముందు నిలబడి, సముద్రం ఎట్లా ఉందో అందరికీ చెబుతాడు. చూసి వచ్చినవాళ్ళ లాగే చెబుతాడు. కోరుట్ల చేరేదాకా ఆయన చెప్పబోయే మాటలు మనసులో అమర్చుకుంటూనే ఉన్నాడు.

వీధి మొదట్లోనే చిన్నవ్వ చేతిలో సెల్‌ఫోను పట్టుకుని ఆటోకు అడ్డం వచ్చింది. ముఖం దీపంలా వెలుగుతోంది.

"శీశైలం! మా రమణ ఇప్పుడే ఫోన్ జేసిండు. దీప్తమ్మ సముద్రం కాడికి అచ్చుడు అచ్చుడే నాకు ఈడియోల సూపిస్తడట! నేను అందరికన్న ముందుగాల్ల సూస్త!"

దీప్తి తల పక్కకు తిప్పుకుని పెదవి కొరికింది. శ్రీశైలం ఆటో ఆపి దిగాడు. సైకిలు ముట్టుకోలేదు, తాడు విప్పలేదు. వెనక నుంచి నూనె కారుతున్న తొక్కు సంచి లాగి, చిన్నవ్వ రెండు చేతుల్లోనూ పెట్టాడు. ఆమె సెల్‌ఫోనూ చీర కొంగూ జిడ్డయిపోయాయి.

"ముందుగాల్ల గిది కడుక్కో అవ్వా" అన్నాడు.