షాహీన్ పెట్టిన రెండు షీట్లు

ఇయ్యాల కరీంనగర్‌ల నా స్టూడెంట్ షాహీన్ ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా అయింది. ఇన్సులిన్ సంకేతం మోసే ప్రోటీన్‌కు, కణాన్ని పెరగమనే ప్రోటీన్‌కు సంబంధం ఉందని రాసింది.

"రెండిటివి వేరే తొవ్వలు. సంబంధం ఏడికెళ్లి వచ్చింది?" అని ఎగ్జామినర్ ఫైలు మూసిండు. నేను పక్కనే కూసున్న.

షాహీన్ రెండు ప్రోటీన్ల బొమ్మలు గీసిన ప్లాస్టిక్ షీట్లు ఒకదానిమీద ఒకటి పెట్టింది. ప్రోటీన్ మడతపడే ఒక చోట గీతకు గీత కలిసింది.

"తొవ్వలు వేరే సార్. కానీ సంకేతం అందుకునే చోటు రెండిట్ల ఒక్కతీరుగనే ఉన్నది."

ఆయన వంగి గీతలు చూసిండు. "ఇవి పెట్టుమన్నది మీ గైడేనా?"

"అవును సార్."

గైడును నేనే. మొన్న గా షీట్లు ప్రాజెక్టుల నుంచి తీసెయ్యమన్నది కూడా నేనే. షాహీన్ పాసయింది. ఆయన నాకు చెయ్యి కలిపి పోయిండు, తీసెయ్యమన్న సంగతి నేను బయటపెట్టలే. నా జాగల మీరుంటే నిజం చెప్పేటోళ్లా?