రెండు కంప్యూటర్లకీ ఒకే నంబరు

తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను.

యానాంలో ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టడం నా పని. కనకాలపేటలో నాగమణి అక్క చిన్న గది అద్దెకు తీసుకుని, దరఖాస్తులు నింపిపెట్టే సెంటర్ తెరిచింది. రెండు కంప్యూటర్లు. మా మోడెమ్‌కి ప్రతి కంప్యూటర్‌లోనూ ఐపీ నంబరు చేత్తో కొట్టాలి, ఒకదానికి పెట్టింది రెండోదానికి పెట్టకూడదు. పెడితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. మా పనిలో ఇది ఓనమాలు. నేను రెండింటికీ ఒకటే పెట్టాను. ఆ రోజు కేబుల్ ఒక్కటే తీసుకెళ్లాను. ఒకదానికి గుచ్చి చూసి, పీకి రెండోదానికి గుచ్చి చూశాను. పనిచేశాయి. మర్నాడు రెండో కేబుల్ పెట్టేసి, రెండూ కలిపి చూడకుండానే వచ్చేశాను.

ఆ నంబర్లు చెప్పు, పుస్తకంలో రాసుకుంటానంది అక్క. మీకెందుకండీ అన్నాను. ఎందుకన్నాను? ఆడమనిషి నా పని నేర్చేసుకుంటుందనా? అవును, అదే.

గిరాకీ తక్కువ కాబట్టి ఆవిడ ఒక్క కంప్యూటరే వాడేది. ఉద్యోగాల దరఖాస్తుకి ఆఖరిరోజున జనం గుమ్మం దాకా నిలబడితే రెండూ వేసింది. ఐదింటికి గడువు. ఫోనొచ్చి నేను వెళ్లేసరికి ఐదున్నర. ఏడుగురి ఫారాలు ఆగిపోయాయి. అందులో ఒకమ్మాయికి వయసు దాటిపోతోంది, మళ్లీ రాయడానికి లేదు. తప్పు నాదేనని నిమిషంలో తెలిసింది. ఒకదాని నంబర్లో చివరి అంకె మార్చాను. అందరూ నావైపే చూస్తున్నారు.

“ఏమైంది తమ్ముడూ?”

“నంబరు మారిపోయిందండి. మీరేదో నొక్కేశారు.”

“నేనేం ముట్టుకోలేదు.”

“ముట్టుకోకుండా ఎలా మారుద్దండి అక్కా?”

ఆ అమ్మాయి అక్కవైపు ఒకసారి చూసి, సర్టిఫికెట్లు కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఊరు చిన్నది, ఊరి నోరు పెద్దది. ఎవరూ రాక రెండు నెలల్లో అక్క సెంటర్ మూసేసింది. ఇప్పుడు రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తోంది. ఉద్యోగం పోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మా యజమాని నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఆ నాలుగు తిట్లు పడలేక ఒక మనిషి బతుకు తలకిందులు చేశాను. ఇప్పటికీ నన్ను మంచి పనివాడంటారు. విన్నప్పుడల్లా నామీద నాకే ఒళ్లు మండుతుంది.

పోయిన నెల అక్క వాళ్లింట్లో వైఫై పెట్టాను. పాస్‌వర్డ్ కొట్టమని ఫోను అందిస్తే అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నువ్వే నొక్కు తమ్ముడూ. నేను ముట్టుకుంటే పాడైపోద్ది. నీకు తెల్సుగా.”

నవ్వుతూనే అంది. అప్పుడైనా చెప్పాల్సింది. పాస్‌వర్డ్ నేనే కొట్టి వచ్చేశాను.

ఆ నంబరు ఆవిడ మార్చలేదు. నేనే తప్పు పెట్టాను. ఆవిడకి చెప్పాల్సిన ఈ మాట మీకు చెప్పాక గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక కూడా నాకే దక్కింది.