పురుగుకు వదలాల్సిన పత్తి

మాచర్లలో ఒక స్కూలు కరస్పాండెంటును ఆయన ఏసీ గదిలోనే కుర్చీలోంచి లేపి నిలబెట్టి, జీవపరిణామం పాఠం మొదటినుంచి చివరిదాకా చెప్పిన వాణ్ణి నేను. నేను చెబుతున్నంతసేపూ ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. గోడమీద గడియారం కూడా ఆగి విన్నది. రిటైరై ఇన్నేళ్లయినా మాస్టారి గొంతులో పస తగ్గలేదని మా వీధి వీధంతా చెప్పుకుంది.

గడియారం సంగతి ఇప్పుడే కొట్టేయవచ్చు. మేం వెళ్లేసరికే అది ఆగిపోయి ఉంది. మిగతావి వరసలో వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. నా కోపం మాత్రం పూర్తిగా నిజం. అందులో చిటికెడు కూడా కల్పన లేదు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. పదో తరగతిలో అనువంశికత, పరిణామం అని జంటగా ఒక పాఠం ఉండేది. కొత్త పుస్తకం తెప్పించి చూస్తే అందులో అనువంశికత ఒక్కటే మిగిలింది. పిల్లకు తండ్రి ముక్కు ఎందుకొచ్చిందో చెబుతారట, అసలు జంతువుకు ముక్కెట్లా వచ్చిందో మాత్రం చెప్పరట. పిల్లల మీద భారం తగ్గించామన్నారు. ఏం భారం తగ్గింది? పొద్దున్నే ఆటోల్లో వేలాడుతూ పోయే పిల్లల సంచులు చూశాను. గైడ్లు, మెటీరియళ్లు, టెస్టు పేపర్లు, ఎప్పటిలాగే వీపులు వంగిపోతున్నాయి. ఆ ఒక్క పాఠమే వీళ్లకు బరువైందా! పుస్తకాన్ని మంచం మీదికి విసిరికొట్టాను. మా ఆవిడ తీసి, ‘దాన్ని రాసినోడికి తగల్లేదులే’ అని అలమరలో పెట్టింది.

మా వీధి చివర మోటార్లకు వైండింగు చేసే భాయ్ ఉన్నాడు. అతని కూతురు నా దగ్గరే చదువుకుంది. ఎమ్మెస్సీ, బీఎడ్ చేసి, మొదట్లో నేనన్న ఆ కరస్పాండెంటు స్కూల్లో బయాలజీ టీచరుగా చేరింది. ఆ పాఠం పోయిందని నేను మంచం మీద కూర్చుని తిట్టుకుంటుంటే, ఆ అమ్మాయి తన పీరియడ్లో ఆ పాఠం చెప్పేసింది. పుస్తకంలో లేకపోయినా చెప్పింది. అదీ పత్తితో మొదలుపెట్టి చెప్పింది.

మా పల్నాడులో పత్తి వేయని రైతు తక్కువ. కాయ పగలగొడితే లోపల గులాబి రంగు పురుగుంటుంది. ఆ పురుగును చంపే విషాన్ని మొక్కలోనే పెట్టామని బీటీ విత్తనం వచ్చింది. మొదట్లో పురుగు చచ్చింది కూడా. ఆ రోజుల్లో పెద్ద ప్యాకెట్టుతో పాటు ఒక చిన్న సంచి ఇచ్చేవాళ్లు. అందులో ఉండేవి మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ కొన్ని వరసలు అవి వేయాలి. వాటిని తిని పురుగులు బతకాలి. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ లెక్క సూటిగానే ఉంది. విషానికి చావని మొండి పురుగు ఎక్కడో ఒకటి ఉండనే ఉంటుంది. దానికి జతగా ఇంకో మొండిదే దొరికితే పిల్లలన్నీ మొండివే పుడతాయి. చుట్టూ వరసల్లో బతికిన మెతక పురుగుతో జతకడితే పిల్లలు మళ్లీ విషానికి లొంగుతాయి.

మావాళ్లు ఏం చేశారు? పురుగును మేపడానికా మనం చేను దున్నింది అన్నారు. చిన్న సంచిని గట్టు మీద పడేసినవాళ్లు కొందరు. ఎక్కువమంది పెద్ద ప్యాకెట్టు గింజ మొలవని ఖాళీల్లో పోగుంటలకు వాడుకున్నారు. ఎన్నో ఏళ్లు పట్టలేదు, చేలనిండా మొండి పురుగే మిగిలింది. ఇప్పుడు ఆ మామూలు గింజల్ని పెద్ద ప్యాకెట్టులోనే కలిపి ఇస్తున్నారు గానీ, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఆ అమ్మాయి క్లాసులో పిల్లల్ని అడిగిందల్లా, వెనకటి రోజుల్లో ఇంట్లో ఆ చిన్న సంచి ఏం చేసేవాళ్లో కనుక్కుని రమ్మని. మర్నాడు క్లాసంతా గోల.

“మా తాత గట్టు మీద పారేసేవాడంట మేడం!”

“మా నాయన పోగుంటలకి పెట్టాడంట!”

“మా నాయనమ్మ గింజలు పారబోసి సంచిలో చింతపండు పెట్టుకుందంట మేడం, ఆ సంచి ఇంకా ఉంది!”

నవ్వులు తగ్గాక బోర్డు మీద పురుగుల బొమ్మలు వేసింది. “పురుగు మారదామనుకుని మారలా. మెతకయ్యన్నీ మనమే చంపాం, మొండియ్యి మిగిలినయ్యి. ఇప్పుడు మీ చేలల్లో ఉన్నయ్యి వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. పరిణామం అంటే ఇదే” అంది.

వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి అడిగింది. “మనుషులు కూడా అట్నేనా మేడం?”

“అట్నే. ఏం, మనల్ని ఆర్డరిచ్చి చేయించారా?”

ఇదంతా ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నాకు చెప్పింది. నేను ముప్పై ఏళ్లు సర్వీసు చేసి జిరాఫీ మెడ దాటి బయటికి రాలేదు. అసూయ కలిగింది. దాన్ని దాచుకోవడానికి, “బాగుందమ్మా, బొమ్మలు ఇంకాస్త పెద్దవి వేయాల్సింది” అన్నాను.

ఆ స్కూలు కరస్పాండెంటుకు స్కూలు కంటే ముందు పురుగుమందుల కొట్టుంది. ఇప్పటికీ ఉంది. కొట్లో వచ్చిందే స్కూలు అంతస్తులైంది. ఆ వారంలోనే నేను ఎలుకల మందు కోసం ఆ కొట్టుకు వెళ్లాను. కరస్పాండెంటు గల్లా దగ్గరే కూర్చున్నాడు. నేను ఉండగానే ఒక రైతు వచ్చి, పుచ్చిన పత్తికాయలు దోసెడు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు.

“అన్నా, బీటీ కొత్తలో చిన్న సంచి ఎందుకని నిన్నడిగితే ఏం చెప్పావు?”

“ఏ సంచి?”

“పెద్ద ప్యాకెట్టుతో ఇచ్చేవాడివే. ఊరికే ఇస్తారు, పోగుంటలకి వాడుకో అన్నావా లేదా?”

“పాత పురాణం. ఇప్పుడేందంట?”

“ఇప్పుడేందా? అది చుట్టూ ఏసుంటే పురుగు ఇంత మొండికెత్తేది కాదంట. నువ్వేమో ఏటికో కొత్త మందని డబ్బాలు అంటగడతన్నావు.”

“ఎవడు చెప్పాడు నీకు?”

“మా పిల్ల చెప్పింది.”

“మీ పిల్లకెవరు చెప్పారు?”

“ఎవరేంది? నీ స్కూల్లోనే చెప్పారు!”

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. కరస్పాండెంటు నవ్వలేదు. అప్పుడు నేను ముందుకొచ్చి రైతు పక్షాన నిలదీశానని ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. నిజానికి బస్తాల వెనక నిలబడి, ఎలుకల మందు ప్యాకెట్టు మీద రాసినదాన్ని శ్రద్ధగా చదువుతున్నాను. కళ్లజోడు ఇంట్లోనే మర్చిపోయాను కూడా.

మర్నాడు ఆ అమ్మాయిని ఆఫీసు గదికి పిలిచారు. పత్తి మాట, సంచి మాట, కొట్టు మాట ఒక్కటీ రాలేదు. కోతినుంచి పుట్టామని పిల్లలకు చెబుతోందట, పేరెంట్సు గొడవ చేస్తున్నారట. సోమవారం ప్రేయర్లో మైకు పట్టుకుని, ‘నేను చెప్పింది తప్పు, మర్చిపోండి’ అని పిల్లలకు చెప్పాలి. చెప్పకపోతే ఉద్యోగానికి రానక్కర్లేదు.

తప్పు! ఏది తప్పు? ఆ కాయల్లో కదులుతున్న పురుగు తప్పా? పరీక్షలో రాని పాఠమైతే తీసేయ్. నీ గల్లాకు తగిలే పాఠమైతే తప్పని మైకులో చెప్పించు. పదిహేనేళ్ల పిల్లలు తమ కళ్లతో చూసిందాన్ని, తమ ఇళ్లల్లో అడిగి తెలుసుకున్నదాన్ని, వాళ్ల టీచరు నోటితోనే అబద్ధమనిపించాలి. పుస్తకంలోంచి పాఠం తీసినవాళ్ల మీద నాకున్న కోపం ఆ సాయంత్రం చిన్నదైపోయింది. వాళ్లు కాగితం చించారు. ఈయన పిల్లల కళ్లలో కారం కొట్టమంటున్నాడు.

ఆ అమ్మాయి మా ఇంటికొచ్చి నిలబడే మాట్లాడింది.

“రేపు నాతో రండి సార్. నా ఉద్యోగం కోసం బతిమాలొద్దు. పాఠం నిజమని ఒక్క మాట చెప్పండి, చాలు. ఆయన కూడా మీ స్టూడెంటే కదా, మీరు చెబితే కాదనలేడు.”

“ఒక్క మాటేందే తల్లీ, గంటసేపు చెబుతా!”

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. కరస్పాండెంటు నాకు కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. ఆ అమ్మాయి నిలబడే ఉంది.

“చూడండి మాస్టారూ, పుస్తకంలో లేని పాఠం చెప్పమని నేను జీతమిస్తన్నానా?”

“పుస్తకంలో లేకపోయినా చేలో ఉంది సార్” అంది ఆ అమ్మాయి.

“చేను గొడవ ఎవరెత్తారు? నేను కోతి సంగతి అడుగుతన్నా.”

“కోతి మాటే నేను అన్లేదు. పిల్లల్ని పిలిచి అడగండి.”

“మీ ఇంట్లో ఒప్పుకుంటారా అసలీ పాఠం? మీ నాన్న నమాజుకెళ్లే మనిషి.”

“మా నాన్న నమాజుకెళ్తాడు సార్. వచ్చి కాలిన మోటారు విప్పితే తీగె చూస్తాడు. తెచ్చినోడి నమ్మకం చూడడు.”

ఆయన మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగి, “మీరు చెప్పండి మాస్టారూ” అన్నాడు.

ఆయన కుర్చీలోంచి లేచింది ఇక్కడే. నా గొంతు విని లేచాడని అనిపించేలా మొదట్లో చెప్పాను. కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకోలేదు. ఉక్కపోతకు ఆయన లేచి కిటికీ తెరవబోయాడు. కిటికీ రెక్క బిగిసిపోయింది, రెండు చేతులూ దాంతోనే సరిపోయాయి. చేతులు కట్టుకున్నాడన్నది పెంచి చెప్పిందే. నేను మాట్లాడిందంతా ఆయన వీపుతో. అయినా చెప్పాల్సింది చెప్పాను, గట్టిగానే చెప్పాను. ఆ అమ్మాయి రాజీనామా ఆయన మొహాన కొట్టి బయటికి నడిచింది. నేను ఆమె వెనకాలే తలెత్తుకుని వచ్చాను.

సోమవారం ప్రేయర్లో వేరే టీచరు మైకు పట్టుకుని, ఆ పాఠం పరీక్షకు రాదు, నోట్సులో కొట్టేయండి అన్నాడట. పిల్లలు కొట్టేశారట. కొట్లో అంత గోల చేసిన రైతు స్కూలు గేటు దగ్గర నోరెత్తలేదు, పిల్లను అక్కడే ఉంచాడు. కొత్త మందు డబ్బా కూడా అదే కొట్లో కొన్నాడు. అతని మీదా నాకు కోపమే. ఆ అమ్మాయి ఇప్పుడు వైండింగు షాపు మీద గదిలో ట్యూషన్లు చెబుతోంది.

ఈ రాసినదంతా మొన్న అక్కడికెళ్లి చదివి వినిపించాను. కింద గ్రైండింగు మోత, పైన నా గొంతు. బోర్డు తుడుస్తూ చివరిదాకా విన్నది. గడియారం దగ్గర నవ్వింది. రాజీనామా దగ్గర డస్టరు కింద పెట్టింది.

“రాజీనామా ఏంది సార్? నేనెక్కడిచ్చా? ప్రేయర్లో చెప్పనన్నా, తీసేశారు. మీరు గట్టిగా చెప్పిందేందో అది కూడా రాయండి. ‘చిన్నపిల్ల, తెలీక చెప్పింది, ఈసారికి వదిలేయ్’ అన్నారు. తెలీక చెప్పడమేంది? నాకు తెలుసు గనకే చెప్పా. ఆయన కిటికీ వదిలేసి ఇటు తిరిగి, ‘విన్నావుగా, మీ మాస్టారే ఒప్పుకున్నాడు’ అన్నాడు. పాఠం నిజమని ఆ గదిలో నేనొక్కదాన్నే చెప్పాను సార్. మీరు టీ తాగారు.”