నాగేంద్రమ్మ గారు అనని వాక్యం

జగన్నాథరావు సారుకు ఎవరేం చెప్పినా వినపడేది వ్యాకరణమే. విషయం తర్వాత, వీలుంటే.

తిరువూరులో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆయన ఇంటి పక్కనే నా డీటీపీ షాపు. ఒకరోజు ఆయన గేటు తీసి ఉండటం చూసి పరుగున వెళ్ళి చెప్పాను.

"సార్, మీ గోంగూర మడిలో గేదె పడింది."

"ఎక్కణ్ణుంచి పడింది?"

"పడటం కాదండీ, మేస్తోంది."

"అదే అడుగుతున్నా సుప్రజా. నడిచొచ్చిన గేదెను పడిందని ఎందుకన్నావు? చేలో పశువులు పడతాయి, ఇంట్లో దొంగలు పడతారు. చుట్టాలు మాత్రం వస్తారు. ఏంటి తేడా?"

ఆ తేడా మేము తేల్చుకునేలోగా గేదె గోంగూర తేల్చేసి బెండ మొక్కల దాకా వెళ్ళింది. సారు మాత్రం ఆ పూట పండగ చేసుకున్నారు. 'పడు'కు కొత్త ప్రయోగం దొరికిందిగా!

ఇలా ఊళ్ళోవాళ్ళ మాటలు, వాళ్ళనడిగే, ఆరేళ్ళుగా రాసుకున్నారు. విస్సన్నపేటలో దిగాల్సిన మనిషి, "దిగేవాళ్ళు ముందుకు రండి" అన్న కండక్టరు వాక్యం రాసుకుంటూ తర్వాతి ఊళ్ళో దిగిన సందర్భాలు రెండున్నాయి. ఆ వాక్యాలన్నీ నా కంప్యూటర్లోకి ఎక్కాయి. నలభై మూడు వేలు. ప్రతి మాట పక్కనా అది నామమో క్రియో, ఏ విభక్తో గుర్తు పెట్టాలి. వాక్యం చివర అన్నవాళ్ళ పేరుండాలి. దీనికి సారు పెట్టిన పేరు మాటల గాదె. ఏ రకం వాక్యం కావాలన్నా గుర్తులు చెప్పి వెతికితే క్షణంలో వరసగా వచ్చి నిలబడతాయి. నిలబడినప్పుడల్లా సారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

మొన్న వేసవిలో ఒక పొద్దున షాపు తెరవకముందే వచ్చేశారు. ముందు 'నాకు', చివర 'కావాలి', మధ్యలో ఏ మాటున్నా సరే, అలాంటి వాక్యాలన్నీ కావాలన్నారు. వెతికాను. పద్దెనిమిది వందలు వచ్చాయి. ఎలక్ట్రీషియన్ ఏసురత్నం ఒక్కడివే రెండు వందలు. సారు ఉత్సాహంగా పేర్లవారీగా చూసుకుంటూ పోయి, ఒకచోట ఆగారు.

"నాగేంద్రమ్మ గారివి ఏవీ?"

బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఆవిడది. సారు రోజూ టిఫిన్ అక్కడే చేస్తారు కాబట్టి గాదెలో అందరికంటే ఎక్కువ వాక్యాలు ఆవిడవే, మూడు వేల పైన. వాటిలో ఈ రకం ఒక్కటీ లేదు. నా గుర్తుల్లోనే తప్పుందన్నారు సారు. నాకూ పౌరుషం వచ్చింది. మధ్యాహ్నం దాకా అటు తిప్పీ ఇటు తిప్పీ వెతికాను. 'మీకేం కావాలి' ఆరు వందల నలభై. 'ఇంకోటి వెయ్యనా' నాలుగు వందలు. 'నాకొద్దు' ఎనభై ఎనిమిది. 'నాకు కావాలి' సున్నా.

సారు కుర్చీలో కూలబడ్డారు. ఏ వాక్య నిర్మాణం దొరక్కపోయినా అంత దిగాలు పడగా నేను చూడలేదు.

మర్నాడు నన్నూ వెంటపెట్టుకుని బండి దగ్గరికెళ్ళి, రద్దీ తగ్గేదాకా బెంచీ మీద కూర్చున్నారు. తర్వాత లేచి నిలబడి అడిగారు.

"నాగేంద్రమ్మ గారూ, మీకేం కావాలి?"

ఆవిడ పెనం తుడుస్తూ నవ్వింది. "నాకేం వద్దు మాస్టారూ."

"అవి ఎనభై ఎనిమిది ఉన్నాయండీ. ఇంకోటి చెప్పండి."

ఆవిడ నా వంక చూసింది. సారుకు ఎండదెబ్బ తగిలిందేమోనని అనుమానం. నేను విషయం చెప్పాను. మూడు వేల మాటల్లో ఆవిడ తనకోసం ఒక్కటీ అడగలేదని చెప్పాను. నాగేంద్రమ్మ గారు చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"కూర్చుని తినాలనుంది," అంది. "ఇంకొకళ్ళు వేసింది. వేడివేడిగా."

సారు కళ్ళజోడు తీసి నా చేతికిచ్చారు. చొక్కా చేతులు మడిచి, బండి వెనక్కి వెళ్ళి, ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, గరిటె పట్టుకున్నారు.

మొదటి దోసె పెనానికి అంటుకుపోయింది. రెండోది చిరిగి మూడయింది. పార్సిలు కోసం వచ్చిన ఏసురత్నం, ఆ దృశ్యం చూసి పని మానుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నాగేంద్రమ్మ గారు లేవబోయింది. సారు గరిటెతోనే కూర్చోమని సైగ చేశారు. మంట తగ్గించమనీ, నీళ్ళు చల్లమనీ ఆవిడ అక్కణ్ణుంచే చెప్పసాగింది. ఆయన జీవితంలో మొదటిసారి విషయం విన్నారు. మూడో దోసె గుండ్రంగానే వచ్చింది.

ఆవిడ మొత్తం తింది. వేళ్ళకంటిన చట్నీ కూడా వదల్లేదు. ఖాళీ ప్లేటు ముందుకు చాచింది.

"నాకు ఇంకోటి కావాలి మాస్టారూ. ఉల్లిపాయలేసి."

నేను ఉలిక్కిపడి సారు వైపు చూశాను. ఆయన కళ్ళజోడు లేకుండా ఉల్లిపాయల కోసం బండంతా తడుముకుంటున్నారు.